గణిత పరిశోధన పత్రిక ఎందుకు?

మన బోధన్ దిక్కు చెరకు బండిని కాటా మీద తూచేవారు. కాని చెరకులో చక్కెర ఎంతున్నదో కాటా చెప్పదు, రసం పరీక్షించాల్సిందే. 2015లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీని ఎరిగిన ఇళ్ళల్లో ఇది కొత్త సంగతి కాదు. గణితంలో ఆ రసం పరీక్ష చేసేది పరిశోధన పత్రిక.

మన దేశంలో అటువంటి పత్రికకు బీజం పడింది ఒక తెలుగు ఊళ్ళోనే. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్, గణిత పుస్తకాలు, పత్రికలు అందరం కలిసి తెప్పించుకుందామని 1906 డిసెంబరులో మిత్రులకు ఉత్తరం రాశారు. 1907లో ఏర్పడిన ఆ సంఘమే నేటి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. దాని జర్నల్‌లోనే 1911లో శ్రీనివాస రామానుజన్ తొలి వ్యాసం వచ్చింది. అదీ ఊరికే రాలేదు. స్పష్టత చాలదని సంపాదకులు తిప్పి పంపి, మళ్ళీ రాయించారు.

అదే జర్నల్‌లో రామానుజన్ పాఠకులకొక లెక్క ఇచ్చారు:

√(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ ఎంత?

నెలలు గడిచినా ఎవరూ చెప్పలేదు. జవాబు 3. ఎట్లాగంటే 3=√(1+2×4), 4=√(1+3×5), 5=√(1+4×6). ఇట్లా అంతులేకుండా పోతుంది.

బాగానే ఉంది గదా అనుకుంటాం. కాని పత్రిక తరఫున వ్యాసం చదివే పరిశీలకుడు ఊరుకోడు. "4=√(1+2×7.5). ఆ 7.5ను కూడా ఇదే తీరుగా విడదీయవచ్చు. మరి జవాబు 4 ఎందుకు కాదు?" అంటాడు. అప్పుడు మనం ఒక్కొక్క మెట్టు దగ్గర తెగ్గొట్టి లెక్క చూపాలి: 1, 1.73, 2.24, 2.56… విలువ పెరుగుతూ 3కు చేరువవుతుంది, 3ను మాత్రం దాటదు. చివరికి 3 వద్దకే చేరుతుందని కూడా నిరూపించాలి. అప్పుడే అది సిద్ధాంతం.

నేడు రుసుము కడితే చాలు, చదవకుండానే అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. మంచి పత్రికలను గుర్తించడానికి యు.జి.సి. 2019లో తెచ్చిన 'కేర్' జాబితాను 2025లో ఎత్తివేసింది. ఇక మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.

మిత్రులారా! వ్యాసాల సంఖ్య కాటా మీది బరువు మాత్రమే. మీ వ్యాసం తిరిగివస్తే చిన్నబుచ్చుకోకండి. ఎవరో దానిని నిజంగా చదివారన్నమాట!