ఫోటో ఎందుకు చెడిపోతుంది?

మీ ఇంటికి వచ్చిన అమ్మమ్మను గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశారనుకోండి. ఆమె వెనుక వాకిలి, వాకిట్లో మిట్టమధ్యాహ్నపు ఎండ. మీరు నిలబడింది ఇంటి లోపల. ఫోటోలో వాకిలి, తులసికోట, గోడమీది పిల్లి అన్నీ చక్కగా వచ్చాయి. అమ్మమ్మ ముఖం మాత్రం బొగ్గులా నల్లగా పడింది. కెమెరా పాడైందా? లేదు. అది తనకు తెలిసిన పనిని సక్రమంగానే చేసింది. దానికి అమ్మమ్మ ఎవరో తెలియదు. వెలుతురు ఎంత ఉన్నదో మాత్రమే తెలుసు. ఆమె రేపు తన ఊరికి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడు వస్తుందో! అందుచేత కెమెరా ఏం చేస్తుందో ముందుగానే తెలుసుకుని ఉండటం మంచిది.

దీనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. బీరువాలో మూలనపడిన చిన్న డిజిటల్ కెమెరా చాలు. అది లేకపోతే ఇంట్లోవారి ఫోను సరిపోతుంది.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. పగటివేళ గదిలో ఒక్క కిటికీ మాత్రం తెరచి ఉంచి, ఎదుటి గోడకు దగ్గరగా భూతద్దాన్ని పట్టుకోండి. మెల్లగా ముందుకూ వెనుకకూ జరపండి. ఒకచోట కిటికీ, బయటి చెట్టు, ఆకాశం గోడమీద తలక్రిందులుగా ప్రత్యక్షమవుతాయి. కాంతి పాఠంలో మీరు చదివే నిజ ప్రతిబింబం ఇదే. కెమెరాలో జరిగేదీ ఇదే. గోడకు బదులు అక్కడ గోరంత సెన్సర్ ఉంటుంది. మీరు భూతద్దాన్ని జరిపినట్లే కెమెరా కూడా తన కటకాన్ని జరిపి ప్రతిబింబాన్ని స్పష్టం చేసుకుంటుంది. దానినే ఫోకస్ చేయడం అంటారు. చాలా కెమెరాలలో మీటను సగం నొక్కితే ఫోకస్ పని పూర్తవుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఒక్కసారిగా గబుక్కున నొక్కేవారికి మసక ఫోటోలు రావడంలో ఆశ్చర్యం లేదు.

పూర్వం సెన్సర్ ఉండేచోట వెండి లవణాలు పూసిన ఫిల్ము ఉండేది. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు సీసీడీని రూపొందించారు. కాంతి పడినచోట విద్యుదావేశాన్ని పోగుచేసి, దాన్ని వరుసగా బయటకు అందించే సిలికాన్ పలక అది. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ సీసీడీతో తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. అది సుమారు 3.6 కిలోల బరువు! బొమ్మలో మొత్తం 10,000 చుక్కలే. ఆ ఒక్క బొమ్మను క్యాసెట్ టేపుమీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఈనాడు 12 మెగాపిక్సెళ్ళ మామూలు కెమెరా బొమ్మలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు ఉంటాయి. అది దీనికి ఎన్ని రెట్లో మీరే లెక్కకట్టండి.

ఇక అసలు విషయానికి వద్దాం. సెన్సర్ మీద ఎంత కాంతి పడాలి? కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. బిందె నిండటం రెండింటిపై ఆధారపడుతుంది: కుళాయిని ఎంత తిప్పారు, ఎంతసేపు వదిలారు. కెమెరాలో కుళాయివంటిది కటకం వెనుక ఉండే ద్వారం. దాని కొలతను ఎఫ్ 4, ఎఫ్ 8 అని రాస్తారు. ఎఫ్ 4 అంటే ద్వారం వ్యాసం కటక నాభ్యంతరంలో నాలుగోవంతు. ఎఫ్ 8 అంటే ఎనిమిదోవంతు. అంకె పెరిగితే ద్వారం చిన్నదవుతుందన్నమాట. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగోవంతు అవుతుంది కాబట్టి ఎఫ్ 8 దగ్గర వచ్చే కాంతి ఎఫ్ 4 దగ్గర వచ్చేదానిలో పావు వంతే. ఫోను కెమెరాలలో చాలావాటికి ఈ ద్వారం మారదు.

ఎంతసేపు అనేదాన్ని షట్టర్ నిర్ణయిస్తుంది. సెకనులో 60వ వంతు, 500వ వంతు, ఇలా. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఎక్కువసేపు తెరచి ఉంచుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే మీ చేయి వణుకుతుంది! సెకనులో 60వ వంతుకన్నా ఎక్కువసేపు తెరచి ఉంటే చేతితో పట్టుకున్న కెమెరాతో స్పష్టమైన ఫోటో రావడం కష్టమే. మోచేతులను పక్కటెముకలకు ఆనించండి, లేదా స్తంభానికి చేరగిలబడండి. కెమెరాను బల్లమీద పెట్టి, కొన్ని సెకన్ల తర్వాత దానంతట అదే ఫోటో తీసే టైమరు వాడటం అన్నిటికన్నా మేలు.

మూడోది ఐఎస్ఓ అనే అంకె. అందిన సంకేతాన్ని కెమెరా ఎంతగా పెంచి చూపాలో ఇది చెబుతుంది. దూరపు స్టేషను సన్నగా వినిపిస్తుంటే మనం రేడియో మీట తిప్పుతాం. పాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. చీకట్లో తీసిన ఫోటోల నిండా ఇసుక చల్లినట్లు కనిపించే రంగుచుక్కలు ఆ గరగర వంటివే.

ఈ మూడింటినీ కెమెరా తానే ఎంచుకుంటుంది కదా, మరి పొరపాటు ఎక్కడ? ఎదుట ఏమున్నా సగటున అది మధ్యరకపు బూడిదరంగు వెలుగులో ఉంటుందని కెమెరా లెక్క. నమ్మకం లేకపోతే పరీక్షించండి. ఆరుబయట నీడలో ఒక తెల్లకాగితాన్ని చిత్రం నిండా కనిపించేలా, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. తర్వాత నల్లగుడ్డను అలాగే తీయండి. మొదటిది మాసిన తెలుపుగానూ, రెండోది వెలిసిన నలుపుగానూ వస్తాయి. రెండూ ఇంచుమించు బూడిదరంగే! గుమ్మం దగ్గర జరిగిందీ ఇదే. వాకిట్లోని ఎండను చూసి కెమెరా కాంతిని తగ్గించింది. ముఖానికి మిగిలింది చీకటి. ప్లస్, మైనస్ గుర్తులున్న సవరణను ప్లస్ వైపు జరపవచ్చు. ఫోనులో అయితే తెరమీద ముఖాన్ని తాకితే చాలావరకు సరిపోతుంది. నన్నడిగితే మాత్రం మీటల జోలికి పోకుండా, అమ్మమ్మను కిటికీవైపు ముఖం పెట్టి కూర్చోమనడమే ఉత్తమం. పక్కనుంచి పడే మెత్తని వెలుగులో ముఖంలోని ముడతలతో సహా అన్నీ కనిపిస్తాయి. ఆ ముడతలు ఫోటోలో ఉండాలి.

బడి వార్షికోత్సవంలో వెనుక వరుసనుంచి ఫ్లాష్ వెలిగించేవారిని చూసే ఉంటారు. దానివల్ల ప్రయోజనం లేదు. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. 3 మీటర్ల దూరంలో చాలినంత వెలుగునిచ్చే ఫ్లాష్, 12 మీటర్ల దూరంలోని వేదికకు అందులో 16వ వంతే ఇస్తుంది. ముందువరుస తలకాయలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. వీలైతే లేచి ముందుకు నడవండి. డిజిటల్ జూమ్‌తో దగ్గరకు లాగితే లాభం లేదు. అది ఉన్న బొమ్మలో మధ్యభాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తుంది, అంతే.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ బరువైన గాజుపలకలపై ఫోటోలు తీసేవాడు. ప్రతి ఫోటోకూ ఒక పలక ఖర్చు. మనకు ఆ ఖర్చు లేదు. కనుక ఒకే దృశ్యాన్ని పదిరకాలుగా తీసి, పక్కపక్కన పెట్టి తేడా చూడండి.

ఒక్క హెచ్చరిక. కెమెరాలోని గాజు కిటికీగుండా కన్నుపెట్టి సూర్యుణ్ణి ఎన్నడూ చూడవద్దు. గ్రహణం నాడైనా సరే. కన్ను శాశ్వతంగా పోవచ్చు. సూటిగా పడే సూర్యకాంతి సెన్సర్‌నూ పాడుచేస్తుంది.

చెడిపోయిన ఫోటోతో సైకిలు వేగాన్ని కొలవడం మీకు తెలుసా? సైకిలు ఫ్రేముకు 2 సెంటీమీటర్ల వెడల్పుగల తెల్లకాగితం అతికించండి. సాయంత్రం వెలుతురు తగ్గాక, కెమెరాను కదలకుండా బల్లమీద ఉంచి, మీ స్నేహితుణ్ణి దానికి అడ్డంగా సైకిలు తొక్కమనండి. ఫోటోలో కాగితం చారలా సాగి కనిపిస్తుంది. చక్రం ఎత్తును ముందుగా టేపుతో కొలవండి. అది 65 సెంటీమీటర్లు ఉండి, ఫోటోలో 26 మిల్లీమీటర్లు వస్తే, ఫోటోలోని 1 మిల్లీమీటరు నిజానికి 2.5 సెంటీమీటర్లు. చార పొడవు 4.8 మిల్లీమీటర్లయితే అసలు పొడవు 12 సెంటీమీటర్లు. అందులో కాగితం వెడల్పు తీసివేస్తే, షట్టర్ తెరచి ఉన్నంతలో సైకిలు 10 సెంటీమీటర్లు కదిలింది. ఫోటో వివరాలలో షట్టర్ కాలం నమోదై ఉంటుంది. అది సెకనులో 50వ వంతు అని ఉంటే, వేగం సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు. మీ స్నేహితుడి వేగం ఎంతో కొలిచి చూడండి.