స్టెప్నీ మార్చే వరస



కారు చక్రం మార్చే పనిలో ఏది ముందో ఏది వెనకో తెలియడమే అసలు విద్య. ఆ వరస పాటిస్తే యాభై కిలోల మనిషి కూడా టన్ను బరువున్న కారు చక్రాన్ని ఒంటిచేత్తో మార్చుకోవచ్చు. వరస తప్పితే ఎంత బలవంతుడికైనా చేయి నలగవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే కొత్తగా నడిపేవారు ప్రతి మెట్టునూ కారణంతో సహా తెలుసుకోవాలి. మొదటిసారి ఇంటి ముందు గట్టి నేల మీద, పగటి వెలుగులో, అనుభవమున్న మనిషి పక్కన ఉండగా ఒక మంచి చక్రాన్నే విప్పి మళ్లీ బిగించి చూసుకోవాలి. రోడ్డు మీద కంగారులో చేతులు చేసేది ముందే అలవాటైన పనినే.

పనికి కావలసినవి మూడు: స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్. మామూలుగా ఇవి డిక్కీలో కార్పెట్ కింద ఉంటాయి. ఇన్నోవా, ఎర్టిగా లాంటి బండ్లలో స్టెప్నీ వెనక భాగం కింద వేలాడుతుంది. దాన్ని దించే తీరు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో స్టెప్నీయే ఉండదు. 2020లో నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్లలో గాలి ఎంతుందో కనిపెట్టే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అల్లాయ్ చక్రాలకు దొంగల భయంతో లాక్ నట్టు పెట్టించుకున్నవారి దగ్గర దాని ప్రత్యేక తాళం కారులోనే ఉండాలి. అది ఇంట్లో ఉండిపోతే మిగతా సామానంతా ఉన్నా చక్రం ఊడదు. వీటికి తోడు ఒక చెక్క పలక, రెండు గట్టి రాళ్లు లేదా చెక్క దిమ్మలు, టార్చిలైటు, చేతి తొడుగులు, ఎర్రగా మెరిసే త్రికోణం డిక్కీలో ఉంచుకోవాలి.

వాడకపోయినా స్టెప్నీలో గాలి మెల్లగా దిగిపోతుంది. నాలుగు చక్రాలకు గాలి కొట్టించే ప్రతిసారీ ఐదోదీ చూపించాలి. ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు మామూలుగా అది 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య. తాత్కాలిక వాడకానికిచ్చే సన్న స్టెప్నీకి సాధారణంగా 60 పీఎస్‌ఐ కావాలి. టైరు వయసు దాని పక్క గోడ మీద ఉన్న నాలుగు అంకెలు చెబుతాయి: 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైంది.

నడుస్తుండగా గాలి పోతే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగును రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, ఇండికేటరు వేసి ఎడమకు రావాలి. చదునుగా, గట్టిగా, వెనక నుంచి వచ్చే బండ్లకు దూరం నుంచే కనిపించే చోటు దొరికేదాకా మెల్లగా నడపాలి. అలా నడపడం వల్ల టైరు పాడైనా పరవాలేదు, టైరు కొనుక్కోవచ్చు. మలుపులో గానీ, వంతెన మీద గానీ, వాలులో గానీ ఆగకూడదు.

ఆగగానే నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, అందరినీ రోడ్డు లేని వైపు నుంచి దించి దూరంగా నిలబెట్టాలి. త్రికోణాన్ని కారు వెనక కనీసం 50 మీటర్లు, అంటే సుమారు డెబ్బై అడుగులు నడిచి పెట్టాలి; వేగంగా బండ్లు తిరిగే చోట ఇంకా దూరం పెట్టాలి. హైదరాబాద్–విజయవాడ రహదారి లాంటి చోట్ల కుడివైపు చక్రం పోయి, మార్చే మనిషి వీపు లారీల దారికి ఎదురయ్యే పరిస్థితి ఉంటే పని మొదలుపెట్టనే కూడదు. జాతీయ రహదారుల సహాయానికి 1033, అత్యవసరానికి 112 నంబర్లు పగలూ రాత్రీ పనిచేస్తాయి. రాత్రి వేళ, జోరువానలో కూడా సాయం పిలవడమే తెలివైన పని.

చోటు సరైనదైతే హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగి, ఇంజను ఆపి, మొదటి గేరు లేదా రివర్సు గేరు వేయాలి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టాలి. హ్యాండ్‌బ్రేకు, గేరు రెండూ ఎందుకంటే, చాలా చిన్న కార్లలో గేరు పట్టేది ముందు చక్రాలను, హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలను. ముందు చక్రాన్ని పైకి లేపితే, రెండు ముందు చక్రాలకూ మధ్యనున్న డిఫరెన్షియల్ గాలిలోని చక్రాన్ని తిరగనిస్తుంది. దాంతో నేల మీదున్న రెండోదానికీ గేరు పట్టు ఉండదు. అప్పుడు కారును నిలిపేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే. వెనక చక్రాన్ని లేపితే హ్యాండ్‌బ్రేకు పట్టు ఒక చక్రానికే మిగులుతుంది, గేరు సాయం అవసరమవుతుంది. ఈ రెంటికీ మించిన భరోసా రాళ్లది: గాలి పోయిన చక్రానికి మూలకు మూలగా ఉన్న చక్రానికి ముందొకటి, వెనకొకటి ఆనించాలి.

తర్వాతి మెట్టు కొత్తవారు ఎక్కువగా తప్పేది. కారు లేపక ముందే నట్లు వదులు చేయాలి. చక్రం నేలను ఆనుకుని ఉన్నప్పుడు రోడ్డే దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. గాలిలోకి లేపాక నట్టు మీద బలం పెడితే చక్రం తిరుగుతుంది, కారు ఊగి జాకీ మీద నుంచి జారుతుంది. వీల్ క్యాపు తీసి, స్పానర్‌ను నట్టు మీద పూర్తిగా లోపలికి దిగేలా పెట్టి, దాని పిడి ఎడమవైపు నేలకు సమాంతరంగా ఉంచి కిందికి నొక్కాలి. అలా నొక్కితే నట్టు గడియారం ముల్లుకు ఎదురు దిక్కుగా తిరుగుతుంది. చేతి బలం చాలకపోతే కారును పట్టుకుని నిలబడి, పిడి చివర పాదం పెట్టి మెల్లగా బరువు వేయవచ్చు. ఎగిరి దూకకూడదు. ఒక్కో నట్టును అర చుట్టు మాత్రమే వదలాలి. ఏదీ పూర్తిగా ఊడదీయకూడదు.

జాకీ పెట్టే చోటు ప్రతి కారుకూ నిర్ణయమై ఉంటుంది. తలుపుల కింది అంచు వెంట, ముందు చక్రానికి కాస్త వెనకా వెనక చక్రానికి కాస్త ముందూ, చిన్న గాట్లు కనిపిస్తాయి. జాకీ తల ఆ గాట్ల మధ్యనే కూర్చోవాలి. వేరే చోట పెడితే రేకు నొక్కుకుపోతుంది, జాకీ జారుతుంది. వానకు మెత్తబడిన నల్లరేగడిలో, ఎండకు కరిగిన తారులో జాకీ కాలు దిగబడకుండా కింద చెక్క పలక వేయాలి. జాకీ నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ తిప్పాలి. గాలి ఉన్న టైరు గాలి పోయినదానికన్నా ఎత్తు కాబట్టి పాత చక్రం నేల విడిచాక మరి కొంచెం లేపాలి. జాకీ కారును లేపే సాధనమే, మోస్తూ నిలబెట్టేది కాదు. శరీరంలో ఏ భాగాన్నీ, చేతిని కూడా, కారు కిందికి పోనివ్వకూడదు. స్టెప్నీని అంచు కింద పడుకోబెట్టి ఉంచితే, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది.

ఇప్పుడు నట్లు పూర్తిగా తీసి, మట్టి అంటకుండా వీల్ క్యాపులో పెట్టాలి. రెండు చేతులతో చక్రాన్ని తిన్నగా లాగితే వస్తుంది. తుప్పు పట్టి కదలకపోతే ఒకటి రెండు నట్లు వదులుగా తిరిగి పెట్టి, టైరు పక్క గోడ మీద అరిచేత్తో అటూ ఇటూ తట్టాలి. పాతదాన్ని అంచు కింద పెట్టి, స్టెప్నీని తీసి బోల్టుల మీదికి ఎక్కించాలి. చక్రం బరువు చేతులతో మోసేకన్నా పాదం మీద ఆనించి, కాలి వేళ్లతో లేపితే రంధ్రాలు తేలికగా కలుస్తాయి. నట్టుకు కోసుగా ఉన్న వైపు చక్రంలోకి ఉండాలి. ఆ కోసే చక్రాన్ని సరిగ్గా నడిమికి తెస్తుంది. మొదట అన్నిటినీ వేళ్లతోనే తిప్పి, ఆపైన స్పానర్‌తో చిన్నగా బిగించాలి.

అంచు కింద పెట్టిన చక్రాన్ని తీసి, కారును దించి, టైరు నేలను బాగా ఆనాక నట్లను పూర్తిగా బిగించాలి. నాలుగు నట్లైతే ఎదురెదురుగా, ఐదైతే నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించుకుంటూ రావాలి. పక్కపక్క నట్లు వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది, తర్వాత వదులవుతుంది. చిన్న కార్లకు కావలసిన బిగువు ఇంచుమించు 100 న్యూటన్ మీటర్లు. ముప్పై సెంటీమీటర్ల పిడి చివర ముప్పై ఐదు కిలోల బరువుతో నొక్కితే అంత వస్తుంది. అంటే చేతులతో గట్టిగా నొక్కితే చాలు. పిడికి గొట్టం తొడిగి బిగిస్తే, మీద ఎక్కి తొక్కితే బోల్టు మర సాగి తెగే ప్రమాదముంది.

బయల్దేరే ముందు జాకీ, స్పానర్, రాళ్లు, త్రికోణం అన్నీ తీశారో లేదో చూసుకోవాలి. సన్న స్టెప్నీ అయితే గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఆ సంఖ్య దాని మీదే రాసి ఉంటుంది. దారిలో కనిపించిన మొదటి బంకులో గాలి చూపించాలి. సుమారు 50 కిలోమీటర్లు నడిచాక నట్లను మరోసారి బిగించి చూడాలి, ఎందుకంటే కొత్తగా ఎక్కిన చక్రం నడిచేకొద్దీ సర్దుకుంటుంది. పాడైన టైరును ఆ రోజే పంక్చరు షాపుకు తీసుకెళ్లాలి. రోడ్డును తాకే భాగంలో మేకు దిగితే అతుకు వేయవచ్చు. పక్క గోడ చీలినా ఉబ్బినా అతుకు పనికిరాదు, కొత్త టైరు వేయాలి. ఆ టైరు బాగుపడి తిరిగి ఎక్కి, స్టెప్నీ గాలితో తన చోటికి చేరినప్పుడే పని పూర్తయినట్టు.