మెదడువాపు జ్వరము – తెలిసికొనదగిన గుర్తులు

వానలు కురిసి మన మురుగమల్ల ప్రాంతపు చెరువులు నిండిన యేడు మనకు పండుగయే. అయితే వరిమళ్ల నీటిలో పెరుగు ఒక జాతి దోమ, పందులలోను కొంగలలోను ఉండు వైరసును మనుష్యులకు చేర్చును. అదియే జపాను మెదడువాపు. మన దేశమున నిది 1955లో వేలూరు ప్రాంతమున తొలుత గుర్తింపబడెను. 1970వ దశకము చివర, నాడు మన తాలూకా చేరియున్న కోలారు జిల్లాలోను ప్రబలెను.

వైరసు సోకినవారిలో పెక్కుమందికి ఏ బాధయు నుండదు. అది మెదడునంటినచో అపాయము. జ్వరము, తలనొప్పి, వాంతులతో మొదలై మెడ బిగియును, మాట తడబడును, మూర్ఛ వచ్చును, తెలివి తప్పును. దీనిని గాలి సోకుటగా తలచి తాయెత్తులతో రాత్రి గడుపరాదు. వైరసును చంపు మందు లేకున్నను, ఆస్పత్రిలో మూర్ఛనడచి, శ్వాసకు తోడ్పడి ప్రాణము నిలుపవచ్చును. బ్రదికినవారిలోను కొందరికి మాటయో, చేయియో, జ్ఞాపకమో దెబ్బతినును.

మూర్ఛ వచ్చినవారిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. నోట నేమియు పెట్టరాదు. జ్వరము ఎన్నడు వచ్చెనో, మూర్ఛ ఎంతసేపుండెనో వైద్యునికి చెప్పవలెను. ఈ వ్యాధి గల జిల్లాలలో ప్రభుత్వము శిశువులకిచ్చు టీకాను తప్పక వేయింపవలెను. విద్యార్థులు ఈ గుర్తులను ఇంటి పెద్దలకు చదివి వినిపింపవలెనని మా మనవి.