పెళ్ళి లెక్కల పుస్తకంలో మహర్ పద్దు ఎక్కడ?

రమజాన్ ముగిసి షవ్వాల్ నెలవంక కనబడగానే మొగుడంపల్లి, జహీరాబాద్ ప్రాంతపు ముస్లిం ఇళ్ళలో పెళ్ళి మాటలు మొదలవుతాయి. అజ్ఞాన కాలపు అరబ్బులు షవ్వాల్ నెలలో వివాహాన్ని అశుభంగా భావించేవారు. తన వివాహం ఆ నెలలోనే జరిగిందని చెప్పి హజ్రత్ ఆయిషా (రజి) ఆ మూఢనమ్మకాన్ని తోసిపుచ్చారు (సహీహ్ ముస్లిం). కనుక ముహూర్తాల బెడద మనకు లేదు. ఖర్చుల బెడద మాత్రం ఉంది.

నికాహ్ చదివించటానికి వెళ్ళిన ప్రతిచోటా పెళ్ళివారి ఇంట్లో ఒక నోటు పుస్తకం కనబడుతుంది. బియ్యం, మాంసం, నూనె, షామియానా, ఫంక్షన్ హాలు, వీడియో, పెళ్ళికొడుకు షేర్వానీ, ఆడపడుచుల బట్టలు, ఇలా ప్రతిదానికీ అందులో పద్దు ఉంటుంది. పెద్దమనిషి ఒకరు చెవిలో పెన్ను పెట్టుకుని లెక్కలు చూస్తుంటారు. తీరా మహర్ ఎంత అని అడిగేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పటికప్పుడు ఎవరో ఒక అంకె చెబుతారు. ‘ఉధార్’ అని రాయిస్తారు. దాల్చాలోకి ఎన్ని కిలోల సొరకాయ కావాలో నెల రోజుల ముందే ఆలోచించినవారు, అమ్మాయి హక్కు గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండరు!

షరీఅత్ దృష్టిలో పెళ్ళికి నిజంగా అవసరమైన ఖర్చులు రెండే రెండు. ఒకటి మహర్. అది విధి. రెండవది వలీమా. అది సున్నత్. రెండూ వరుడి బాధ్యతలే. వధువు తండ్రిపై విందు పెట్టాలన్న బాధ్యతను ఖుర్ఆన్ గాని, హదీసు గాని పెట్టలేదు. ఆయన తన సంతోషం కొద్దీ, స్తోమత కొద్దీ దూరం నుంచి వచ్చిన బంధువులకు అన్నం పెడితే అది ఆతిథ్యం. దానిని వరుడి తరఫువారు షరతుగా పెడితే మాత్రం అది దౌర్జన్యమే. ఇక ‘జోడే కీ రకమ్’ పేరుతో తీసుకునే సొమ్ము సంగతి వేరే చెప్పాలా? స్త్రీకి పురుషుడు సంతోషంగా మహర్ ఇవ్వాలని అన్నిసా సూరా 4వ ఆయత్ ఆదేశిస్తుంటే, మనం ఆ ఆదేశాన్ని తలక్రిందులు చేసి స్త్రీ వద్దనుండి పురుషుడు తీసుకునేలా చేశాము. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కూడా కట్నం ఇవ్వటం, తీసుకోవటం రెండూ నేరాలే.

రబీఆ గారి పెళ్ళి

పెళ్ళి బడ్జెట్ ఎలా వేసుకోవాలో తెలుసుకోవటానికి హజ్రత్ రబీఆ బిన్ కఅబ్ అస్లమీ (రజి) వివాహాన్ని మించిన పాఠం లేదు. ముస్నద్ అహ్మద్‌లో ఆ వృత్తాంతం ఉంది. ఆయన దైవప్రవక్త (స) సేవకులు. చేతిలో చిల్లిగవ్వ కూడా లేదు. పెళ్ళి చేసుకోవా అని దైవప్రవక్త (స) అడిగినప్పుడు తన దగ్గర భార్యను పోషించే స్తోమత లేదని ఆయన చెప్పుకున్నారు. కడకు దైవప్రవక్త (స) ఆయనను ఒక అన్సారీ కుటుంబం వద్దకు పంపారు. వారు ఆయనను ఎంతో ఆదరించారు, ఏ సాక్ష్యమూ అడగకుండానే పిల్లను ఇచ్చారు.

కాని రబీఆ (రజి) దిగులుగా తిరిగి వచ్చారు. మహర్ ఇవ్వటానికి ఏమీ లేదు మరి. దైవప్రవక్త (స) బురైదా (రజి)తో చెప్పి ఖర్జూరపు గింజంత తూకం బంగారం పోగుచేయించారు. అమ్మాయి తరఫువారు దానిని ఎంతో సంతృప్తితో స్వీకరించారు. రబీఆ (రజి) మళ్ళీ దిగులుగా వచ్చారు. ఈసారి వలీమాకు ఏమీ లేదు. ఒక పొట్టేలుకు సరిపడే సొమ్ము సమకూర్చటం జరిగింది. హజ్రత్ ఆయిషా (రజి) ఇంటి నుండి గంపెడు యవలు వచ్చాయి. ఆ పూట వారి ఇంట్లో ఉన్న ధాన్యం అంతే. వాటిని తీసుకుని వెళ్ళగా, రొట్టెల సంగతి మేము చూసుకుంటాము, మాంసం సంగతి మీరు చూసుకోండని అమ్మాయి తరఫువారు అన్నారు. పొట్టేలును కోసి వండారు. వలీమా అయిపోయింది. దైవప్రవక్త (స) కూడా ఆ విందుకు విచ్చేశారు.

ఇందులో గమనించవలసినవి చాలా ఉన్నాయి. ముందు మహర్ సమకూరింది, ఆ తర్వాతే విందు గురించిన ఆలోచన వచ్చింది. మనం వరుసను మార్చేశాము. అమ్మాయి తరఫువారు రొట్టెలు చేయటం వారు స్వయంగా ముందుకొచ్చి పంచుకున్న పని. ఎవరూ వారి మీద రుద్దలేదు. చేతిలో లేనివాడికి సంఘం తోడ్పడింది, వడ్డీకి అప్పు తెమ్మని ఎవరూ సలహా ఇవ్వలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, విందు ఎంత చిన్నదైనా ఎవరూ నామోషీ పడలేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సంగతి మరీ ఆశ్చర్యకరమైనది. ఆయన మదీనాలో పెళ్ళి చేసుకున్నారు. ఆయన బట్టలపై పసుపుపచ్చని పరిమళపు మరక చూసిన తర్వాత గాని ఆ సంగతి దైవప్రవక్త (స)కు తెలియలేదు (బుఖారీ, ముస్లిం). నన్నెందుకు పిలవలేదని ఆయన నిష్ఠూరమాడలేదు. బర్కత్ కోసం దుఆ చేసి, ఒక మేకతోనైనా సరే వలీమా ఇవ్వమన్నారు. మరి మన దగ్గర? పెళ్ళిపత్రిక స్వయంగా ఇంటికి తెచ్చి ఇవ్వలేదని పదేళ్ళు మాటలు మానేసిన అన్నదమ్ములు ఉన్నారు. ఆ అలకల భయంతోనే రెండు వందల జాబితా కాస్తా ఆరు వందలకు చేరుతుంది.

మహర్ ఎంత?

దైవప్రవక్త (స) తమ సతీమణులకు పన్నెండున్నర ఊఖియాలు, అంటే 500 దిర్హములు మహర్‌గా ఇచ్చేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (సహీహ్ ముస్లిం). మన దేశపు ఉలమాలు ‘మహర్-ఎ-ఫాతిమీ’ని కూడా 500 దిర్హములుగా లెక్కించి 131 తులాల 3 మాషాల వెండిగా చెబుతారు. నేటి తూకంలో అది సుమారు 1,530 గ్రాములు. నేటి ధరలో లక్ష రూపాయలు దాటుతుంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మహర్ 10 దిర్హములకు, అనగా సుమారు 30.6 గ్రాముల వెండికి తగ్గకూడదు. ఈ రెండింటి మధ్య గాని, స్తోమత ఉంటే అంతకన్నా ఎక్కువగా గాని నిర్ణయించుకోవచ్చు. ఫాతిమా (రజి)కు ఇవ్వటానికి తన వద్ద ఏమీ లేదని హజ్రత్ అలీ (రజి) చెప్పినప్పుడు దైవప్రవక్త (స) ఆయన కవచాన్ని గుర్తు చేశారు (అబూ దావూద్). లేదని చెప్పేవాడి దగ్గర కూడా ఏదో ఒకటి ఉంటుంది. నేడు మన అబ్బాయి దగ్గర కవచం లేకపోవచ్చు, మోటారు సైకిలు ఉంటుంది!

మహర్‌ను రూపాయల్లో కాకుండా వెండి తూకంలో రాయిస్తే మేలు. ఇరవై ఏళ్ళ క్రితం రాయించిన అయిదు వేల ‘ఉధార్’ మహర్‌కు ఇప్పుడు ఏమి విలువ ఉంది? భర్త జనాజా లేచే సమయంలో ఆ ఇల్లాలి చేత క్షమించేశానని అనిపించటం మన ఊళ్ళలో ఒక ఆచారంగా మారింది. ఏడుస్తున్న స్త్రీ నోట పలికించిన మాట క్షమాపణ ఎలా అవుతుంది? ఉధార్ మహర్ అప్పే. వారసులు ఆస్తి పంచుకోకముందే అది చెల్లించాలి.

చేతిలో ఉన్నదెంత?

బడ్జెట్‌ను అతిథుల జాబితాతో మొదలుపెట్టకూడదు, చేతిలో ఉన్న సొమ్ముతో మొదలుపెట్టాలి. ముందుచూపు తవక్కుల్‌కు వ్యతిరేకమని కొందరు అనుకుంటారు. కరవు రానున్నదని తెలిసి యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేళ్ళ పంటను వెన్నులతోనే దాచి ఉంచమని చెప్పిన వైనం యూసుఫ్ సూరాలోనే ఉంది. దైవప్రవక్త (స) కూడా తమ కుటుంబం కోసం ఏడాదికి సరిపడే ఆహారం నిలువ ఉంచేవారు (బుఖారీ).

ఒక చెరకు రైతు తన కుమారుని వలీమాకు ఆరు వందల మందిని పిలిచాడనుకుందాం. మటన్ బిర్యానీలో కిలో బియ్యానికి కిలో మాంసం చొప్పున ఎనిమిది మంది తింటారనుకుంటే 75 కిలోల మాంసం కావాలి. కిలో 800 రూపాయల లెక్కన మాంసానికే 60,000. రెండు వందల మందికైతే 25 కిలోలు, 20,000 రూపాయలు. మిగిలిన 40,000 కోడలి మహర్ పద్దులో వేయవచ్చు కదా! బగారా అన్నం, దాల్చా పెట్టినంత మాత్రాన వలీమా కాకుండా పోదు. హజ్రత్ సఫియ్యా (రజి) వలీమాలో అసలు మాంసమే లేదు. ఖర్జూరం, వెన్న, ఎండు పెరుగు కలిపిన వంటకంతో ఆ విందు జరిగింది. ఖర్చు తక్కువైన నికాహ్‌లోనే బర్కత్ ఎక్కువ ఉంటుందన్న హదీసు పరంపరపై పండితుల చర్చ ఉన్నప్పటికీ, ఆ భావం దైవప్రవక్త (స) ఆచరణతో రుజువవుతూనే ఉంది.

ఇప్పుడు రెండవ దారి చూడండి. చెరకు బిల్లు ఇంకా రాలేదు. అమ్మాయి పెళ్ళి నిశ్చయమైపోయింది. తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెస్తాడు. నెలకు 6,000. ఏడాదికి 72,000. మూడేళ్ళకు 2,16,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. ఈలోపు రెండవ అమ్మాయి ఎదిగి వస్తుంది. పొలం తాకట్టుకు పోతుంది. ఈ లోకపు నష్టం అది. వడ్డీ తినేవాడినే కాదు, ఇచ్చేవాడిని, రాసేవాడిని, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారు (సహీహ్ ముస్లిం). నికాహ్ ఖుత్బా చదివే మేము, ఆ విందులో కూర్చునే మీరు దీనిని గురించి ఒకసారి ఆలోచించాలి.

మరో దురాచారం కూడా ఉంది. పెళ్ళికి ఎకరం అమ్మి ఖర్చు చేశాము గనుక అమ్మాయికి ఇక ఆస్తిలో వాటా లేదనటం. పెళ్ళి ఖర్చుతో వారసత్వపు హక్కు రద్దు కాదు. ఆ బిర్యానీ తిన్నది ఊరివాళ్ళు, అమ్మాయి కాదు.

షాదీ ముబారక్ సొమ్మును ఏ పద్దులో వేయాలని చాలామంది అడుగుతుంటారు. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైన ఈ పథకం సాయం 2017లో 75,116కు, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. అమ్మాయికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. దరఖాస్తు, విచారణ, మంజూరు అయ్యేసరికి చాలాసార్లు పెళ్ళి కూడా అయిపోతుంది. అందుకని దానిని నమ్ముకుని ఫంక్షన్ హాలుకు బయానా ఇవ్వకండి. వచ్చిన రోజున అమ్మాయి కొత్త కాపురానికో, పెళ్ళికి తెచ్చిన చేబదులు తీర్చటానికో వాడండి.

పెళ్ళి కోసం దాచిన సొమ్ముపై జకాత్ లేదనుకోవటం పొరపాటు. అప్పులు పోగా అది నిసాబ్‌కు చేరి, చాంద్రమానం ప్రకారం ఏడాది గడిస్తే జకాత్ ఇవ్వాలి. వెండి నిసాబ్ 612.36 గ్రాములు, బంగారం నిసాబ్ 87.48 గ్రాములు. అలాగే అమ్మాయి పేరున అంత బంగారం చేయించి ఉంచి, ఆమె పెళ్ళికోసమని జకాత్ సొమ్ము అడగటం ధర్మసమ్మతం కాదు. ఆ సొమ్ము నిజంగా లేనివారిది.

చివరగా పుస్తకం ఎలా రాసుకోవాలో చెబుతాను. మొదటి పేజీలో చేతిలో ఉన్న సొమ్ము. దాని క్రిందే మహర్ (అబ్బాయి ఇంట్లోనైతే). ఆ తర్వాత వలీమా. మిగిలినవి మిగిలితేనే. అతిథుల జాబితాలో మొదటి పేర్లు పొరుగింటి పేదలవి కావాలి. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనాన్ని అన్నిటికన్నా చెడ్డ భోజనమని హదీసు పేర్కొంది (బుఖారీ, ముస్లిం). చేబదులు తీసుకుంటే ఎవరివద్ద, ఎంత, ఎప్పటికి తీర్చాలన్నది ఇద్దరి సాక్ష్యంతో రాయాలి. అల్ బఖరా 282వ ఆయత్ ఆదేశం ఇదే. బంధువులు ఇచ్చే సలామీ డబ్బును వాళ్ళింటి పెళ్ళిలో తిరిగి ఇవ్వాలన్న ఉద్దేశ్యంతో ఇచ్చిపుచ్చుకునే ఊళ్ళలో అది కూడా ఒక విధంగా అప్పే గనుక దాని లెక్క కూడా ఉండాలి.

వలీమా జరిగిన రాత్రే వంటవాళ్ళ కూలి, గిన్నెలు కడిగినవాళ్ళ కూలి, కుర్చీలు మోసిన కుర్రాళ్ళ కూలి ఇచ్చేయాలి. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పకూడదు. దేగుల్లో మిగిలిన అన్నాన్ని పాడవకముందే మస్జిదు వెనుక వీధికి పంపించండి. ఆ తర్వాత పుస్తకం మళ్ళీ తెరిచి మహర్ పద్దు ఎదురుగా ‘చెల్లించాము’ అని రాయగలిగారో లేదో చూసుకోండి. రాయలేకపోతే ఏ నెలలో ఎంత ఇస్తారో కోడలికి చెప్పి, ఆమె ఎదుటే అక్కడ తేదీ వేయండి.