జ్యేష్ఠ నక్షత్రం: భయపడాల్సిన చుక్కా, చూడాల్సిన చుక్కా?

మన నక్షత్రాల సిరీస్‌లో ఈసారి జ్యేష్ఠ. వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన సంగతులు ఇక్కడ చెప్పుకుందాం.

జ్యేష్ఠ పేరెత్తితే చాలా ఇళ్లలో ఒకటే మాట. "అమ్మాయిది జ్యేష్ఠా? అయితే బావగారికి మంచిది కాదు." అబ్బాయికి అన్నయ్య ఉంటే చాలు, మిగతా అన్నీ కుదిరినా సంబంధం అక్కడే ఆగిపోతుంది. మరి ఆ నక్షత్రాన్ని ఒక్కసారైనా ఆకాశంలో చూశామా?

ఎలా గుర్తుపట్టాలి?

జూన్ మొదట్లో రాత్రి తొమ్మిదింటికి మేడ ఎక్కి ఆగ్నేయం వైపు చూడండి. ఎర్రగా ఒక చుక్క, దానికి అటూ ఇటూ కాస్త చిన్న చుక్కలు రెండు. ఈ మూడూ కలిస్తే జ్యేష్ఠ. మధ్యలో ఉన్న ఎర్రదే యోగతార అని సూర్యసిద్ధాంతం చెబుతుంది. వృశ్చిక రాశిలో తేలు గుండె ఉండే చోటు అది.

ఎన్ని పేర్లో!

జ్యేష్ఠ అంటే పెద్దది. అధిదేవత ఇంద్రుడు. తైత్తిరీయ సంహితలో దీని పేరు రోహిణి, అంటే ఎర్రనిది. వృషభంలో మనకు తెలిసిన రోహిణి కూడా ఎరుపే. రెండూ ఆకాశంలో దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి ఉదయించే వేళకి రెండోది అస్తమిస్తుంది.

గ్రీకులు కుజుడంత ఎర్రగా ఉందని 'కుజుడికి పోటీ' అనే అర్థంలో అంటారీస్ అన్నారు. అరబ్బులు 'తేలు గుండె' అన్నారు. చైనా వాళ్లు 'మహాగ్ని' అన్నారు.

ఒకటి కాదు, రెండు

సైన్స్ ప్రకారం ఇది చాలా పెద్ద నక్షత్రం. సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని కడుపులోకి వెళ్లిపోతుంది. పైగా వెలుగు స్థిరంగా ఉండదు. కొన్నేళ్లలో నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా వెలిగినప్పటికీ బాగా మసకబారినప్పటికీ తేడా సుమారు రెండున్నర రెట్లు.

దానికో జంట కూడా ఉంది. నీలి తెలుపు రంగు చుక్క. పెద్దదాని వెలుగులో మామూలుగా కనబడదు. 1819లో చంద్రుడు జ్యేష్ఠను కప్పి మళ్లీ బయటపెడుతున్నప్పుడు, వియన్నాలో బుర్గ్ అనే ఖగోళ శాస్త్రవేత్తకి ముందు ఈ చిన్న చుక్క కనిపించింది. మన పురాణాల్లో ఇరవై ఏడు నక్షత్రాలూ చంద్రుడి భార్యలు కదా! జ్యేష్ఠ ఇంటికి వెళ్లిన చంద్రుడే ఆ రహస్యం బయటపెట్టాడన్నమాట.

దూరం సుమారు 550 కాంతి సంవత్సరాలు. అంటే ఈ రాత్రి మన కంటికి చేరే వెలుగు, తాళ్లపాక అన్నమయ్య ఉన్న కాలంలో బయల్దేరింది!

మరి దోషం సంగతి?

జన్మ నక్షత్రం జ్యేష్ఠ అంటే, పుట్టిన వేళకి చంద్రుడు ఆ 13 డిగ్రీల 20 నిమిషాల భాగంలో ఉన్నాడని అర్థం. దాన్ని దాటడానికి చంద్రుడికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులో పుట్టిన ఆడపిల్లలందరూ వాళ్ల బావగార్లకి కీడు చేస్తారా? కాస్త ఆలోచించండి.

ఇంకో పొరపాటు. లక్ష్మీదేవికి అక్కగా చెప్పే జ్యేష్ఠాదేవి వేరు, ఈ నక్షత్రం వేరు. ఇక్కడ దేవత ఇంద్రుడు, వర్షాలకి అధిపతి.

చంద్రుడు పౌర్ణమినాడు ఈ నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకి జ్యేష్ఠ మాసం అని పేరు. ఆ పౌర్ణమే మన ఏరువాక పున్నమి. ఎద్దులకి పసుపు కుంకుమలు పెట్టి, నాగలికి పూజ చేసి, తెలుగు రైతు దుక్కి మొదలుపెట్టే రోజు. జ్యేష్ఠ అశుభమే అయితే, ఏడాది తిండి ఆధారపడిన పనికి మన పెద్దలు ఆ రోజునే ఎంచుకునేవారా?

ఇంట్లో పెద్దవాళ్లతో వాదన పెట్టుకోమని కాదండీ. ఈ ఏరువాక పున్నమికి అమ్మనో తాతయ్యనో మేడ మీదికి తీసుకెళ్లి చంద్రుడి దగ్గరున్న ఆ ఎర్ర చుక్కని చూపించండి. మీ ఇంట్లో జ్యేష్ఠలో పుట్టిన అమ్మాయి ఉంటే, ఆమెని ముందు పిలవండి.

శుభం!