టీకా కాగితం లేకపోతే క్లాసు లేదు

‘వీసా ఇచ్చేటప్పుడు ఎవరూ టీకాలు అడగలేదు. మరి యూనివర్సిటీ ఎందుకు అడుగుతోంది?’ పిల్లల్ని అమెరికా పంపే తల్లిదండ్రులు చాలామంది అడిగే మాట ఇది. అడగాల్సిన ప్రశ్నే. ఎఫ్-1 విద్యార్థి వీసాకు టీకాల షరతు లేదు. అది గ్రీన్‌కార్డు మీద స్థిరపడటానికి వెళ్లేవాళ్లకు ఉంది. కాలేజీ విద్యార్థులందరికీ కలిపి అక్కడి కేంద్ర ప్రభుత్వం టీకా చట్టమేదీ చేయలేదు. ఆ అధికారం రాష్ట్రాలది. అందుకే టెక్సాస్‌లో చదివిన అన్న దాచుకున్న కాగితాలు న్యూయార్క్ వెళ్లే తమ్ముడికి సరిపోకపోవచ్చు.

ఈ అధికారాన్ని కోర్టులు ఎప్పుడో ఒప్పుకున్నాయి. మశూచి టీకా వేయించుకోనన్న మసాచుసెట్స్ పాస్టర్ జేకబ్‌సన్‌కు పడిన 5 డాలర్ల జరిమానాను అమెరికా సుప్రీంకోర్టు 1905లో సమర్థించింది. 2021లో ఇండియానా యూనివర్సిటీ కోవిడ్ టీకా తప్పనిసరి చేసినప్పుడు విద్యార్థులు కోర్టుకెక్కారు. ఆ నిబంధనను ఆపడానికి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అయితే ఆ యూనివర్సిటీ ఆరోగ్య, మత కారణాలకు మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు పొందినవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, పరీక్షలు చేయించుకోవాలి. అప్పీళ్ల కోర్టు ఈ వెసులుబాటును గట్టిగా లెక్కలోకి తీసుకుంది. అంటే టీకా అడిగే అధికారం ప్రభుత్వ యూనివర్సిటీకి ఉంది. రాష్ట్ర చట్టం మినహాయింపు ఇచ్చినచోట దాన్ని కోరే హక్కు విద్యార్థికీ ఉంది.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌నే తీసుకోండి. అక్కడ చట్టం అడిగేది బ్యాక్టీరియల్ మెనింజైటిస్ టీకా. గత 5 ఏళ్లలోపు వేయించుకున్నదై ఉండాలి. క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. క్లాసులు మొదలయ్యే నాటికి 22 ఏళ్లు నిండినవాళ్లకు ఈ నియమం వర్తించదు. బీటెక్ అవగానే ఎంఎస్‌కు వెళ్లే పిల్లలు సరిగ్గా ఈ గీతకు అటూ ఇటూ ఉంటారు కాబట్టి ముందు పుట్టినతేదీ చూసుకోండి. ఆన్‌లైన్‌లో మాత్రమే చదివేవాళ్లకూ అక్కర్లేదు. టీకా ఆరోగ్యానికి హాని చేస్తుందని డాక్టరు రాసిస్తే మినహాయింపు దొరుకుతుంది. మత విశ్వాసంతో సహా మనస్సాక్షి కారణాలను కూడా టెక్సాస్ ఒప్పుకుంటుంది. కానీ దానికి నోటరీ చేయించిన అఫిడవిట్ కావాలి. తెల్లకాగితం మీద రాసిన లేఖ చెల్లదు.

న్యూయార్క్ దారి వేరు. 1957 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, 6 క్రెడిట్లు లేదా అంతకన్నా ఎక్కువ చదివే విద్యార్థి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు రక్షణ ఉన్నట్టు రుజువు చూపాలి. అక్కడ 2019లో బడిపిల్లలకు మత మినహాయింపు రద్దయింది గానీ కాలేజీ విద్యార్థులకు మిగిలే ఉంది. అయితే అది నిజమైన, నిష్కపటమైన మత విశ్వాసమై ఉండాలి. ‘నాకు టీకాల మీద నమ్మకం లేదు’ అంటే కుదరదు. వేరే దేశం నుంచి వచ్చి, కాగితాల కోసం నిజాయతీగా ప్రయత్నిస్తున్న విద్యార్థికి రుజువు చూపడానికి ఉన్న 30 రోజుల గడువును 60 దాకా పొడిగించే వీలు చట్టంలోనే ఉంది. ఈ సంగతి తెలియక కంగారుపడేవాళ్లు చాలామంది.

మన పిల్లలకు చిక్కు ఎక్కువగా వచ్చేది గవదబిళ్లల దగ్గర. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో వేసేది తట్టు-రుబెల్లా టీకా. అందులో గవదబిళ్లల భాగం ఉండదు. పీహెచ్‌సీలో అన్ని టీకాలూ వేయించుకున్న పిల్లవాడి కార్డు కూడా అమెరికాలో అసంపూర్ణంగా కనిపిస్తుంది. కార్డు పోయిందనో చాలదనో దిగులుపడక్కర్లేదు. రక్తంలో యాంటీబాడీలు చూపే టైటర్ టెస్టును చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. లేదంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేయించుకోవాలి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే పని జరగదు.

యూనివర్సిటీలు అడిగే క్షయ పరీక్ష వేరే సంగతి. అది టీకా కాదు, పరీక్ష. టీకా మినహాయింపు దానికి వర్తిస్తుందనుకోకండి. చిన్నప్పుడు క్షయ టీకా బీసీజీ వేసి ఉన్నా పరీక్ష తప్పదు. బీసీజీ వల్ల చర్మ పరీక్ష పాజిటివ్ చూపే అవకాశం ఉంది, అందుకే రక్త పరీక్ష చేయించవచ్చా అని యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌ను అడగండి.

ఈ కాగితాలు పెట్టకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పడుతుంది. అక్కడి పిల్లలకు అది చికాకు మాత్రమే. మన పిల్లలకు అంతకన్నా పెద్ద ముప్పు. ఎఫ్-1 విద్యార్థి కోర్సు మొదలైన 30 రోజుల్లోగా యూనివర్సిటీ అధికారి విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ సెవిస్‌లో నమోదు పూర్తి చేయాలి. హోల్డ్ ఎత్తేయక క్లాసులు తీసుకోలేకపోతే వీసా స్థితే చిక్కుల్లో పడుతుంది. హోల్డ్ పడిన రోజే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మెయిల్ రాయాలి.

‘మతం కారణం అని రాసెయ్యండి, ఎవరూ అడగరు’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వద్దు. లేని విశ్వాసాన్ని ప్రమాణం చేసి రాయడం అబద్ధపు ప్రమాణం. వేయించుకోని టీకాకు సర్టిఫికెట్ కొనడం అంతకన్నా ప్రమాదం. లక్షలు అప్పు చేసి పంపిన చదువును దానికి పణంగా పెట్టకూడదు. నిజంగా విశ్వాసం ఉన్నవాళ్లు, అలర్జీ వంటి ఆరోగ్య కారణాలు ఉన్నవాళ్లు మాత్రం వెనుకాడక్కర్లేదు, చట్టం వాళ్ల కోసమే తలుపు తెరిచింది. క్యాంపస్‌లో జబ్బు ప్రబలితే మినహాయింపు పొందినవాళ్లను కొన్నాళ్లు క్లాసులకు రానివ్వకపోవచ్చని కూడా తెలిసే నిర్ణయించుకోండి.

యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికి రాగానే యూనివర్సిటీ ఆరోగ్య ఫారం తీయండి, ఈ ఏటి నిబంధనలే చూడండి. డాక్టరు సంతకం, ముద్ర, తేదీలు ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి. మినహాయింపు కోరితే పంపిన ప్రతి కాగితం నకలు దాచుకోండి, కాదంటే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.