తడిసింది వానకా, చెమటకా? తేల్చే దారి చట్టంలోనే ఉంది

ప్రశ్న: వానాకాలంలో సహ్యాద్రి కొండలెక్కుదామని ఎనిమిది వేలు పెట్టి ఆన్‌లైన్‌లో రెయిన్ జాకెట్ కొన్నాను. వాటర్‌ప్రూఫ్ 20,000 ఎం.ఎం. అనీ, ఆవిరి బయటికి పోతుందనీ ట్యాగు మీద ఉంది. మొదటి ట్రెక్కులోనే లోపలి చొక్కా తడిసి ముద్దయింది. కంపెనీవాళ్లు ‘అది వాన నీరు కాదు, మీ చెమట’ అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. అంతమాత్రాన ఆ మాటే తీర్పు కాదు. ఇలాంటి తగాదా కోసమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. పరీక్ష చేస్తే తప్ప తెలియని లోపమైతే, జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును మీ దగ్గర తీసుకుని, సీలు వేసి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపిస్తుంది. 45 రోజుల్లో నివేదిక ఇమ్మంటుంది. ఫీజు ముందు మీరే కట్టాలి. కేసు గెలిస్తే దాన్ని ఖర్చుల కింద ఇప్పించమని అడగవచ్చు.

మీ చేతిలోని అసలు బలం ఆ ట్యాగు. వ్యాపారి ఏ రూపంలోనైనా సరే, ఉందని చెప్పుకున్న నాణ్యత వస్తువులో లేకపోతే దాన్ని చట్టం లోపమే అంటుంది. కాబట్టి 20,000 ఎం.ఎం. అని అచ్చు వేసినవారు ఆ అంకెకు జవాబు చెప్పాలి. అంత అంకె అంటే ఇరవై మీటర్ల ఎత్తున నిలబెట్టిన నీటి ఒత్తిడిని బట్ట ఆపాలన్నమాట. అయితే ఈ పరీక్షను మామూలుగా బట్ట ముక్క మీదే చేస్తారు. కుట్లు, జిప్పు లెక్కలోకి రావు. నీళ్లు ఎక్కువగా దూరేది అక్కడే. అందుకే ఫిర్యాదుతో పాటు విడిగా ఒక దరఖాస్తు పెట్టి, కుట్ల దగ్గరా, భుజాల దగ్గరా కూడా పరీక్ష చేయించమని అడగండి. ఆవిరి పోయే సామర్థ్యం సంగతి ఇంకా చిక్కు. ఒక్కో పద్ధతిలో కొలిస్తే ఒక్కో అంకె వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో చూపే నివేదికను కంపెనీ చేత తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

కమిషన్‌కు వెళ్లేముందు ఇంట్లో ఒకసారి చూసుకోండి. పొడి కాటన్ చొక్కా మీద జాకెట్ వేసుకుని, జిప్పు పూర్తిగా లాగి, షవర్ కింద పది నిమిషాలు కదలకుండా నిలబడండి. కదలకపోతే పెద్దగా చెమట పట్టదు. భుజం కుట్ల వెంటో, జిప్పు వెంటో చొక్కా చారలుగా తడిస్తే నీళ్లు దూరుతున్నట్టే. చొక్కా పొడిగా ఉండి, ఎత్తు ఎక్కినప్పుడు మాత్రమే ఒళ్లంతా చెమ్మగిల్లితే కంపెనీ మాటను కొట్టిపారేయకండి. గాలిలో తేమ నిండిన చోట ఎంత మంచి జాకెట్ నుంచైనా ఆవిరి అంతంతమాత్రంగానే పోతుంది. అలాంటప్పుడు వాటర్‌ప్రూఫ్ కాదని కేసు వేస్తే నిలవదు.

ఈ పరీక్షను మధ్యలో ఆపకుండా వీడియో తీయండి, అందులో ట్యాగు కనిపించాలి. ఆ తర్వాత జాకెట్‌ను ఆరబెట్టి దాచేయండి. సబ్బుతో ఉతకడం, స్ప్రే కొట్టడం, టేపు అంటించడం వద్దే వద్దు. మీరే పాడు చేశారనే వాదనకు అవకాశం ఇచ్చినవారవుతారు.

ఈ జాగ్రత్త ఎందుకో మన రైతుల కేసులు చెబుతాయి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో, విత్తనాలను ల్యాబులో పరీక్షించలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని సంస్థ వాదించింది. కొన్న విత్తనంలో కొంత పరీక్ష కోసం దాచిపెట్టమని రైతును ఎవరూ అడగలేరంటూ 2012లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. నేలలో కలిసిపోయిన విత్తనానికి దొరికిన ఆ మినహాయింపు మీకు దొరకదు. మీ జాకెట్ బీరువాలోనే ఉంది కదా, పరీక్ష ఎందుకు అడగలేదని అవతలి వకీలు నిలదీస్తాడు.

ముందు అమ్మిన వెబ్‌సైట్ గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 1915 హెల్ప్‌లైన్‌కూ చెప్పవచ్చు. బిల్లులో వాపసు గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అప్పటికీ కదలకపోతే మీరున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. జాకెట్ మార్చి ఇవ్వమనీ, లేదంటే డబ్బు వాపసు చేయమనీ అడగండి. ట్రెక్కు చెడినందుకు నష్టపరిహారం కోరితే ప్రయాణ టికెట్లు జతచేయండి.

ల్యాబు నివేదిక మీకు వ్యతిరేకంగా వచ్చినా కంగారుపడకండి. పరీక్షించిన పద్ధతి సరిగా లేదనిపిస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. ఆ అభ్యంతరం విన్నాకే కమిషన్ తీర్పు చెప్పాలి.